తిన్నగా వెళ్ళాలా, సక్కగ పోవాలా

పటాన్‌చెరు చూడటానికి ఎవరూ వెళ్ళరు. అక్కడికి వెళ్ళేవాళ్ళకు డ్యూటీ ఉంటుంది, లేదా డ్యూటీ వెతుక్కునే పని ఉంటుంది. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళను కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకునే మా వీధివాళ్ళు, నేను పటాన్‌చెరు, సంగారెడ్డి వెళ్ళొచ్చానంటే ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఒక్కదానివేనా?" ఆ ఊళ్ళు ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాలని కూర్చున్నాను. చెబుతూ చెబుతూ నాకైనా ఒక స్పష్టత వస్తుందేమోనని ఆశ. వెళ్ళింది రెండు రోజులే అయినా, ఏది ముందు జరిగిందో, ఎవరు ఏమన్నారో, వాళ్ళన్నది ఏమిటో, నేను విన్నది ఏమిటో, ఇంకా తికమకగానే ఉంది.

మాది తణుకు పక్కన ఒక ఊరు. వయసు ముప్పై దాటింది, పెళ్ళి కాలేదు, ఇంటి అరుగు మీద పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈ వేసవి మొదట్లో పటాన్‌చెరులో ఒక బడివాళ్ళు లెక్కల టీచరు కావాలని ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు చదివే బడి. నన్ను తీసుకెళ్ళాల్సిన అన్నయ్యకు సరిగ్గా ముందురోజు నడుం పట్టేసింది. నాన్న పోయాక నన్ను పెంచింది అన్నయ్యే. పెంచడమంటే బజారుకు కూడా ఒంటరిగా పంపకుండా పెంచాడు. మంచం మీద బోర్లా పడుకునే తీర్పు చెప్పాడు: "ఒక్కదానివే వెళ్ళు. దారి తప్పకుండా వెళ్ళి వచ్చావా, ఉద్యోగం సంగతి ఆలోచిద్దాం. తప్పావా, ఇక ఆ మాట ఎత్తకూడదు."

నేను తప్పుతాననే ఆయన నమ్మకం. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. కానీ అరుగు మీదే ముసలిదాన్నయిపోతానన్న భయం ఆ అనుమానం కంటే పెద్దది. వదిన పులిహోర పొట్లం కట్టిచ్చింది, రైలెక్కాను.

పటాన్‌చెరు

సికింద్రాబాదులో దిగి సిటీ బస్సు పట్టుకున్నాను. ఊరు అయిపోయిందనుకున్న చోట మళ్ళీ ఊరు మొదలయ్యే రోడ్డు అది. బొంబాయి వెళ్ళే లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. పటాన్‌చెరు వచ్చిందని కండక్టరు చెప్పకముందే ముక్కు చెప్పింది. మందుల సీసా మూత తీసి ముఖం దగ్గర పెట్టినట్టు ఘాటు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ మాత్రం హాయిగా మొక్కజొన్న పొత్తు తింటోంది. ఈ వాసన మీకు ఎలా అలవాటయిందని అడిగితే ఏ వాసన అని ఎదురడిగింది.

ఇంటర్వ్యూ మర్నాడు పొద్దున. అయినా బడి ఎక్కడుందో ముందే చూసుకుంటే మంచిదని దిగాను. మా వైపు బస్సు దిగిన ఆడమనిషి చుట్టూ రిక్షావాళ్ళు మూగుతారు, ఎవరింటికని ఆరా తీస్తారు, ఆ ఇల్లు తెలిసినవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. ఇక్కడ నన్నెవరూ పట్టించుకోలేదు. కంపెనీ బస్సులు వచ్చి ఆగుతున్నాయి, షిఫ్టు దిగినవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. హిందీ, ఒరియా, ఇంకేదో భాష, మధ్యలో మన తెలుగేనా అనిపించే తెలుగు. ఒంటరిగా వెళ్ళడంలో మొదటి లాభం ఇది: మనం ఎవరి చెల్లెలిమో అక్కడ ఎవరికీ తెలియదు. ఆ లాభానికి సంతోషించాలో బెంగపడాలో తేలలేదు.

టీ కొట్టులో ఒక టీ తాగాను. మా ఊళ్ళో ఆ డబ్బుకు రెండు టీలు వస్తాయి గానీ, ఇంత చిక్కటి టీ ఒకటీ రాదు. కొట్టాయన పెద్దమనిషిలాగే ఉన్నాడు. బడి పేరు చెప్పి దారి అడిగాను. ఆయన గిన్నెలోంచి తల ఎత్తకుండా అన్నాడు:

"సక్కగ పో అమ్మా."

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. చక్కగా పోవడమేమిటి? నేనేం వంకరగా వచ్చాను? భుజాన సంచీ వేసుకుని ఒక్కదాన్నే టీ కొట్టులో నిలబడి టీ తాగడం ఆయనకు నచ్చలేదన్నమాట. మా ఊళ్ళో అయితే తాగేదాన్ని కాదు, నిజమే. అయినా నాకు బుద్ధులు చెప్పడానికి ఈయనెవరు? డబ్బులు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

మగాళ్ళను అడగడం నాదే పొరపాటు అనుకుని, కంపెనీ బస్సు కోసం నిలబడ్డ ఒక ఆవిడ దగ్గరికి వెళ్ళాను. చేతిలో టిఫిన్ క్యారియరు, ముఖంలో అలసట, చూస్తే మంచిదానిలా ఉంది. ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసి, ఒక్కదానివేనా అని అడిగింది. అవునన్నాను. రోడ్డు వైపు చెయ్యి చూపించి మెల్లగానే అంది:

"యాడ తిరగకు బిడ్డా. సక్కగ పో."

ఒళ్ళు మండిపోయింది. ఎక్కడా తిరగొద్దట. నేను తిరుగుళ్ళకు వచ్చినట్టు కనబడుతున్నానా? కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అన్నయ్య ఊరి పొలిమేర దాటనివ్వకపోవడం ఇందుకేనేమో, ఆయనకు లోకం తెలుసు కదా అనిపించింది. ఆవిడ చూపించిన రోడ్డు మీద ఒక్క అడుగు కూడా వెయ్యబుద్ధి కాలేదు. బడి సంగతి రేపు చూసుకోవచ్చని, సంగారెడ్డి బస్సు ఎక్కేశాను.

సంగారెడ్డి చౌరస్తా

సంగారెడ్డిలో రత్నంగారనీ, మా వైపు వాళ్ళే. ప్రభుత్వ కంపెనీలో ఉద్యోగానికి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు. రాత్రికి వాళ్ళింట్లో ఉండేట్టు అన్నయ్య ఉత్తరం రాశాడు. చౌరస్తాలో దిగి మళ్ళీ దారి అడగాల్సి వచ్చింది. ఈసారి పూలమ్మే ముసలాయనను ఎంచుకున్నాను. పూలమ్మేవాడికి నోరు మెత్తగా ఉంటుందని నా లెక్క. ఆయన మల్లెపూలు మూరవేస్తూ, బస్టాండు దాటినంక కూడ సక్కగనే పొమ్మన్నాడు. అంటే ఈ జిల్లా మొత్తం కలిసి నా నడత దిద్దడానికి కంకణం కట్టుకుందన్నమాట. బస్టాండు దాటాక నేనెలా పోతే ఈయనకెందుకు?

ఇక ఎవరినీ అడగదలుచుకోలేదు. ఎదురుగా ఒక జీపు నిండుతోంది. "ఊళ్ళోకి వెళ్తుందా?" అని అడిగాను. మా దగ్గర ఊళ్ళోకి అంటే టౌనులోకి. డ్రైవరు ఆశ్చర్యంగా చూసి, ఊళ్ళెకు గాక ఇంకెక్కడికి పోతదన్నాడు. ఎక్కి కూర్చున్నాను.

జీపులో నాకు ఎదురుగా ముగ్గురు మగవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతున్నారు. బొల్లారం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మీద షిఫ్టు చేసి వస్తున్నారని పక్కావిడ చెప్పింది. వాళ్ళ చొక్కాల్లోంచి మాత్రల వాసన వస్తోంది. వాళ్ళను చూస్తుంటే జాలేసింది. జాలిపడుతూ బయటికి చూసేసరికి ఇళ్ళు అయిపోయాయి. తర్వాత దుకాణాలు, కరెంటు దీపాల స్తంభాలు కూడా అయిపోయాయి. ఎర్రమట్టి, కోసేసిన జొన్న మోళ్ళు, దూరంగా పచ్చగా ఒక చెరకు మడి. టౌను ఇంత దూరమా అని ఒకసారి, టౌనంటే ఇదేనా అని ఒకసారి అనుకున్నాను. అడగొచ్చు కదా అంటారు. అడిగితే మళ్ళీ చక్కగా కూర్చోమంటారేమోనని నోరు మూసుకున్నాను.

ఊరు

"ఊరచ్చింది, దిగుండ్రి" అన్నాడు డ్రైవరు. అందరూ దిగారు. నిద్రపోయే ముగ్గురూ నిద్రలోనే దిగి ఇళ్ళకు నడిచారు. అది కొండాపూర్ మండలంలో ఒక పల్లె అనీ, సంగారెడ్డి నేను ఎక్కిన చోటే వెనక ఉండిపోయిందనీ అప్పుడు తెలిసింది. ఉద్యోగం పోయింది. ఇంటర్వ్యూకు వెళ్ళకముందే పోయింది. దారి తప్పితే ఆ మాట ఎత్తకూడదన్నాడు అన్నయ్య, తప్పేశాను. వందల మైళ్ళ అవతల మంచం మీద ఆయన "నే చెప్పలా" అనడం చెవిలో వినబడింది.

డ్రైవరు అన్నం తినడానికి ఇంట్లోకి పోయాడు. తిరుగు జీపు ఎప్పుడో చెప్పేవాళ్ళు లేరు. ఎదురింటి గడప మీద ఒక ముసలావిడ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నడిచైనా పోదామని ఆవిడ దగ్గరికి వెళ్ళి, వినబడుతుందో లేదోనని చెవి దగ్గర గట్టిగా అడిగాను:

"మామ్మగారూ, సంగారెడ్డికి తిన్నగా వెళ్ళాలా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నేను ఎవరో, ఎక్కడినుంచి ఊడిపడ్డానో అడగకుండా లేచింది.

"అవ్ మరి, తిన్నంకనే పో. తినక ఎట్ల పోతవ్ బిడ్డా? రా, కాళ్లు కడుక్కో."

నేను కాదు కాదు అంటూనే ఉన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళను మూడుసార్లు బతిమాలితేగానీ వాళ్ళు పీట మీద కూర్చోరు, రెండుసార్లు వద్దనడం మర్యాద. ఇక్కడ నా వద్దులు చెల్లలేదు. జొన్నరొట్టె, దాంట్లోకి తోటకూర, తర్వాత అన్నం, పచ్చిపులుసు. కాచని పులుసును నేను మొదటిసారి తిన్నాను. పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, చింతపండు నీళ్ళు, అంతే. ఎండలో తిరిగొచ్చిన ఒంటికి అది దిగుతుంటే ఏడుపు ఆగిపోయింది. "తొక్కు ఏసుకుంటవా?" అని అడిగితే దేని తొక్కో తెలియక తటపటాయించాను. వేశాక చూస్తే మామిడికాయ పచ్చడి.

వడ్డిస్తున్నది ఆవిడ కోడలు లక్ష్మి. నా ఈడుదే. వాళ్ళకు భూమి ఉంది గానీ నీళ్ళు లేవు, అందుకని మొగుడు బొల్లారం మందుల ఫ్యాక్టరీకి పోతాడట. జీపులో నిద్రపోయిన ముగ్గురిలో ఒకడు అతనే. లోపలి గదిలో అప్పటికే గురక వినబడుతోంది. ఎందుకొచ్చావని లక్ష్మి అడిగింది. కడుపు నిండితే నాకు నోరు ఆగదు. ఇంటర్వ్యూ, అన్నయ్య పెట్టిన షరతు అన్నీ చెప్పి, చివరికి అసలు బాధ కూడా కక్కేశాను: మీవాళ్ళు మంచివాళ్ళే గానీ, ఒంటరి ఆడదాన్ని పట్టుకుని చక్కగా పో, ఎక్కడా తిరగకు అని ముగ్గురు ముగ్గురూ మాటలన్నారు, మాకు ఆ మాత్రం పరువు లేదా అని.

లక్ష్మి గరిటె పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండబోయింది. అప్పుడు ఆమె రొట్టెలు చేసిన పీట మీద మిగిలిన జొన్నపిండిలో వేలితో ఒక గీత గీసింది.

"గిట్ల పోవుడు అక్కా. గిదే సక్కగ. మీరు తిన్నగ అంటరు సూడు, గదే."

సక్కగ అంటే తిన్నగా. తిరగకు అంటే పక్కకు మళ్ళకు. టీ కొట్టాయన దారి చెప్పాడు. టిఫిన్ క్యారియరు ఆవిడా, పూలాయనా కూడా దారే చెప్పారు. మంచి మాటలన్నవాళ్ళ మీద పొద్దున్నుంచి నేను పళ్ళు నూరుతున్నాను. అవతల ఈ మామ్మ, నేను తిన్నగా అంటే తిన్నంక అనుకుని, వచ్చిన మనిషి ఆకలిని నోరు విడిచి చెబుతోందని అన్నం పెట్టింది. ఆవిడ పొరపాటు పడి నాకు అన్నం పెట్టింది, నేను పొరపాటు పడి ముగ్గురి మీద కోపం పెంచుకున్నాను. సిగ్గేసింది.

లక్ష్మి నన్ను ఎక్కువసేపు సిగ్గుపడనివ్వలేదు. పెళ్ళయిన కొత్తలో పటాన్‌చెరులో కిరాయికి ఉన్నారట. పక్కింట్లో మా వైపు ఆవిడ. గ్యాసునూనె ఇస్తున్నారు, దుకాణానికి తిన్నగా వెళ్ళు అని ఆవిడ చెబితే, లక్ష్మి ఇంటికి పోయి తీరిగ్గా అన్నం తిని మరీ పోయిందట. అప్పటికి ఆ గ్యాసునూనె, అంటే మన కిరసనాయిలు, అయిపోయింది. నేను నా కథ చెప్పినప్పుడు ఆమె ఎంత నవ్విందో, నేనూ అంత నవ్వాను. ఏమీ వినబడని మామ్మ ఇంకో రొట్టె వేసింది.

ఎండ దిగాక లక్ష్మే నన్ను జీపు ఎక్కించి, ఎక్కడ దింపాలో డ్రైవరుకు చెప్పి అప్పగించింది. మామ్మ కొంగున కట్టుకెళ్ళమని ఇంత చింతపండు ఇచ్చింది. ఆమె పేరు అడగడం మరిచిపోయాను. దీపాలు పెట్టే వేళకు రత్నంగారింటికి చేరాను. బస్సులు ఆలస్యమా అని వాళ్ళే అడిగి, అవునని వాళ్ళే అనుకున్నారు. రత్నంగారి భార్య మా వైపు వంట చేసి పెట్టింది. ఆవకాయను తొక్కు అని ఒకసారి, పచ్చడి అని ఒకసారి అంది. ఇన్నేళ్ళున్నాక ఏ మాట ఎక్కడిదో తనకీ గుర్తుండటం లేదంది.

బడి

మర్నాడు పొద్దున్నే అదే టీ కొట్టు. ఆయన నన్ను గుర్తుపట్టాడో లేదో. బడికి సక్కగనే పోవాలా అని అడిగాను. "ఆఁ, సక్కగనే" అన్నాడు. రెండో టీ కూడా తాగి, నిన్న నేను అలిగిన రోడ్డు మీద ఎక్కడా మళ్ళకుండా నడిచాను. ఒక పొడుగాటి ప్రహరీగోడ, దాని వెనక వ్యవసాయ పరిశోధన పొలాలు, తర్వాత లారీలకు టైర్లు మార్చే షెడ్డు, తర్వాత బడి. బస్సు దిగిన చోటినుంచి కూతవేటు దూరం. కోపం తెచ్చుకోకపోతే నిన్ననే చూసేసేదాన్ని, ఆ పల్లె చూసేదాన్ని కాదు. ఏది మంచిదయిందో అప్పటికి తోచలేదు.

హెడ్మిస్ట్రెస్ ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. నాలుగో తరగతికి తీసుకెళ్ళి, సరళరేఖ పాఠం చెప్పమని, వెనక బెంచీలో కూర్చున్నారు. ముందు వచ్చిన ఇద్దరిచేతా అదే పాఠం చెప్పించారట. అరుగు మీద కళ్ళు మూసుకుని చెప్పే పాఠం నాకది. సుద్దముక్క పట్టుకుని, పిల్లలను పుస్తకాలు తియ్యమని, ఎప్పటిలా అన్నాను:

"ఇప్పుడు అందరూ తిన్నగా గీత గీయండి."

ఎవరూ గీయలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలో ఇద్దరు అన్నం డబ్బాలు తీశారు. ముందు వరసలో పిల్ల ఒకతి లేచి, బెల్లు గొట్టలేదు గదా టీచర్, తిన్నంక గీయాల్నా అని మర్యాదగా అడిగింది. వెనక హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అరుగు, అన్నయ్య, బోర్లా పడుకున్న మంచం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. వాటితోపాటు జొన్నపిండిలో వేలితో గీసిన గీత కూడా కనబడింది.

నల్లబల్ల ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక గీత గీశాను. గీస్తూనే, నిన్న నన్ను ఏడిపించిన ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పాను:

"యాడ తిరగకుండ సక్కగ పోయేది ఏందో, అది సరళరేఖ."

నలభై స్కేళ్ళు ఒక్కసారి పుస్తకాల మీద పడ్డాయి. తెలంగాణ పిల్లలకు అర్థమయింది. మా వైపు పిల్లలు ఒకరిద్దరు ఉన్నారు, వాళ్ళకూ అర్థమయింది. ఒరియా పిల్లవాడు పక్కవాణ్ణి చూసి గీశాడు. ముందు వరస పిల్ల తన గీత చూపించి, సక్కగున్నదా టీచర్ అంది. బాగుందని అడుగుతోందా, వంకర లేదని అడుగుతోందా తెలియలేదు. రెండూ నిజమే కాబట్టి ఉందన్నాను.

బయటికి వచ్చాక హెడ్మిస్ట్రెస్, ఆ సక్కగ ఎవరు నేర్పిన్రు అని అడిగారు. దారి తప్పి నేర్చుకున్నానని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "తోడు తెచ్చుకున్నోళ్లు గేటు దాంక వచ్చి దిగుతరమ్మా. దారి ఎవల్ని అడగరు. జూన్ల వచ్చి చేరు" అన్నారు. ఎంత జీతమని అడగడం కూడా మరిచిపోయి, వాకిట్లో మళ్ళీ దారి తెలియనిదానిలా నిలబడిపోయాను.

ఇల్లు

అన్నయ్య నడుం కాస్త నయమై, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను సంచీ దింపకముందే అడిగాడు, ఎలా వెళ్ళొచ్చావని. దారంతా ఈ ప్రశ్నకే జవాబు వెతుక్కుంటూ వచ్చాను. తప్పానని చెబితే ఉద్యోగం పోతుంది. తప్పలేదని చెబితే అబద్ధం. నోట్లోంచి దానంతట అదే వచ్చింది:

"చక్కగా వెళ్ళొచ్చానన్నయ్యా."

ఆయన ముఖం వికసించింది. ఇంతకాలం తనే అనవసరంగా భయపడ్డానని వదినతో చెప్పి, చేరమనేశాడు. నేను అన్నది మా ఊరి తెలుగులో పూర్తిగా నిజం. ఇంత చక్కటి ప్రయాణం నా జన్మలో చెయ్యలేదు. పటాన్‌చెరు తెలుగులో మాత్రం పచ్చి అబద్ధం. ఆ మాట నేను ఏ ఊరి తెలుగులో అన్నానో ఎంత ఆలోచించినా తేలలేదు. ఇది అచ్చులో చదివితే అన్నయ్యకు ఎలాగూ తెలుస్తుంది. అప్పటికి నేను నల్లబల్ల ముందు ఉంటాను.

ఇప్పుడు పెట్టె సర్దుకుంటున్నాను. వదిన చారులోకి వేయబోతే, మామ్మ ఇచ్చిన చింతపండు అడ్డుపడి దాచాను. పచ్చిపులుసు చేస్తానంటే కాచని పులుసా అని ఇంట్లో అందరూ ముఖం చిట్లించారు. నిన్న సాయంత్రం అన్నయ్య నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చి, ఈసారి నేనే దగ్గరుండి దింపి వస్తాను అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. వద్దన్నాను. ఎందుకొద్దో చెప్పమన్నాడు.

"నువ్వొస్తే దారి నువ్వే అడుగుతావు" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. దారి అడిగితే తప్పేమిటని వదినను అడుగుతూ లోపలికి వెళ్ళాడు.